ముల్లు దిగినా తెలియని కాలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా పుట్టిల్లు నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. పెళ్ళయ్యాక కావలిలో ఉంటున్నాను. మా నాయనకు 57 ఏళ్ళు, పన్నెండేళ్ళ నుంచి సుగర్ ఉంది. రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని చేస్తుంటాడు. రెండు నెలల కింద నేను ఊరికి వెళ్ళినప్పుడు వసారాలో గచ్చు మీద రక్తపు మరకలు కనపడ్డాయి. చూస్తే నాయన అరికాల్లో చిల్లముల్లు విరిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకే తెలియదు. "నొప్పే లేదు, దీనికెందుకు ఇంత టెన్షన్" అన్నాడు. ఊళ్ళో ఆర్ఎంపీ ముల్లు తీసి, ఇంజెక్షన్ చేసి, పౌడర్ వేశాడు. మానడానికి దాదాపు నెల పట్టింది. ఇప్పుడు పుండు లేదు. రాత్రిళ్ళు మాత్రం అరికాళ్ళు మంటలంటే అమ్మ వేడినీళ్ళ కాపడం పెడుతోంది. ఈసారి రొయ్య బాగా వస్తే అలిపిరి నుంచి కాలినడకన కొండకు వస్తానని మొక్కుకున్నాడు. సంక్రాంతి తర్వాత వెళ్తానంటున్నాడు. సుగర్ ఉన్నవాళ్ళకు కాళ్ళ పరీక్ష ఒకటి ఉంటుందని పక్కింటావిడ చెప్పింది. పుండు మానిపోయాక కూడా అది అవసరమా? ఎక్కడ చేస్తారు? ఆయన్ను కొండ ఎక్కనివ్వొచ్చా? నాకు 34 ఏళ్ళు. నేనూ సుగర్ పరీక్ష చేయించుకోవాలా?

సమాధానం: అవసరమే అమ్మా. మానింది కదా అని ఊరుకోకండి. ఒకసారి పుండు పడి మానిన కాలికే అందరికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. సుగర్ వల్ల కాలికి పుండు పడి మానినవాళ్ళలో దాదాపు నూటికి 40 మందికి ఏడాది తిరక్కముందే మళ్ళీ పుండు పడుతోంది. పైన చర్మం మూసుకుంది గానీ, పుండు పడడానికి కారణమైనది లోపల అలాగే ఉంది. ఈ వారంలోనే ఆయన్ను డాక్టరుకు చూపించండి. కొండ సంగతి, మీ సంగతి తర్వాత చెప్తాను.

మీ ఉత్తరం చదువుతుంటే రక్తపు మరకల కంటే మీ నాయన అన్న "నొప్పే లేదు" అన్న మాట దగ్గర నాకు ఎక్కువ భయమేసింది. చిల్లముల్లు ఎలాంటిదో మన జిల్లాలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. హవాయి చెప్పు అడుగును కూడా గుచ్చుకుని పైకి వస్తుంది. అది దిగితే ఎంత ఓర్పున్న మనిషైనా ఉన్నచోటే కూలబడి కాలు పట్టుకుంటాడు. మీ నాయన దాని మీదే నడిచి ఇంటికి వచ్చాడు, ఇల్లంతా తిరిగాడు. అది ఓర్పు కాదు. ఆయన అరికాల్లో నొప్పి తెలిపే నరాలు పని మానేస్తున్నాయి. నొప్పి లేకపోవడాన్నే జబ్బు గుర్తుగా తీసుకోమని ఆయనకు చెప్పండి. సుగర్ ఉన్న ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన విషయం ఇది.

వెన్ను కింది భాగం నుంచి కాలివేళ్ళ దాకా దిగే నరాలు ఒంట్లో అన్నిటికంటే పొడవైనవి. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే ముందు దెబ్బతినేది ఆ పొడుగాటి నరాల కొసలే. అందుకే తిమ్మిరి వేళ్ళ దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. రెండు కాళ్ళకూ ఒకేలా, చాలా నిదానంగా వస్తుంది కాబట్టి మనిషికి తేడా తెలియదు. స్పర్శ ఒక్కటే కాదు, చెమట పట్టించే నరాలు కూడా దెబ్బతింటాయి. దాంతో చర్మం ఎండిపోయి మడమలు పగులుతాయి. పాదంలోని చిన్న కండరాలు నీరసించి వేళ్ళు కొంకర్లు తిరుగుతాయి. అప్పుడు ఒంటి బరువంతా వేళ్ళ మొదళ్ళ కింద ఒకటి రెండు చోట్లే పడి, అక్కడ ఆనెకాయ కడుతుంది. మామూలు మనిషికైతే ఆనెకాయ నొప్పి పెడుతుంది, కాలు మార్చి వేస్తాడు. నొప్పి తెలియని మనిషి రోజంతా దాని మీదే నడుస్తాడు. కింద మాంసం నలిగి, రక్తం చేరి, లోపలినుంచే పుండు పడుతుంది. ఆనెకాయలో నల్లటి మచ్చ గానీ ఎర్రటి చుక్క గానీ కనపడితే లోపల అదే జరుగుతోందని అనుకోవాలి.

దీనికి కాలిలో రక్తనాళాలు పూడుకుపోవడం తోడైతే, పడిన పుండు మానదు. కాసేపు నడిస్తే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గుతున్నాయేమో ఆయన్ను అడగండి. బీడీ, సిగరెట్, నోట్లో పొగాకు ఏది ఉన్నా మానిపించాలి. కాలికి రక్తం అందకుండా చేయడంలో పొగాకును మించింది లేదు. సుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్ళలో నూటికి 85 మంది దాకా కథ మొదలైంది ఒక చిన్న పుండుతోనే. ముల్లో, బొబ్బో, చెప్పు ఒరుపో, గోరు తీస్తుంటే తెగిన గాయమో.

ఇక మంటల సంగతి. "మంట తెలుస్తోందంటే స్పర్శ ఉన్నట్టే కదా" అని చాలామంది అనుకుంటారు. కాదమ్మా. దెబ్బతిన్న నరం తనంతట తాను మంటలు, పోట్లు, చీమలు పాకినట్టు అనిపించడం లాంటి తప్పుడు కబుర్లు పంపుతూనే ఉంటుంది, నిజంగా ముల్లు గుచ్చుకుంటే మాత్రం ఊరుకుంటుంది. రెండూ ఒకే కాలిలో ఉంటాయి. అందుకని వేడినీళ్ళ కాపడం ఈ రోజే ఆపించండి. అమ్మ ప్రేమతోనే పెడుతోంది, కానీ ఆ నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో నాయన కాలికి తెలియదు. పొద్దున లేచేసరికి అరికాలు బొబ్బలెక్కి ఉంటుంది. కాపడం సంచీ, వేడి ఇటుక, చలికాలంలో కుంపటి దగ్గర కాళ్ళు చాపుకోవడం, ఏదీ వద్దు. మంటలకు మందులున్నాయి, డాక్టరు రాసిస్తారు. అవి మంటను తగ్గిస్తాయి గానీ పోయిన స్పర్శను తెచ్చివ్వవు. కాబట్టి మంట తగ్గాక కూడా జాగ్రత్తలు అలాగే ఉండాలి. ఇంకో మాట: సుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది. దానివల్ల కూడా కాళ్ళు తిమ్మిర్లు, మంటలు వస్తాయి. ఆయన ఆ మాత్ర వేసుకుంటుంటే బి12 రక్తపరీక్ష చేయించమని అడగండి. తక్కువుంటే దాన్ని సరిచేయొచ్చు. పరీక్ష లేకుండా "నరాల బలానికి" అని నెలనెలా ఇంజెక్షన్లు వేయించుకోవడం మాత్రం డబ్బు దండగ.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఇంట్లోనే మీరు ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి డాక్టర్లు తయారుచేసిన పద్ధతి ఇది, పరికరాలేమీ అక్కర్లేదు. ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీరు ముట్టుకున్నట్టు తెలిసినప్పుడల్లా కుడి కాలైతే కుడి, ఎడమ కాలైతే ఎడమ అని చెప్పమనండి. మీ చూపుడువేలి కొసతో ఆయన కాలివేలి కొసను అలా మెత్తగా ఒక క్షణం, మహా అయితే రెండు క్షణాలు తాకి తీసేయండి. నొక్కకూడదు, తట్టకూడదు, గోకకూడదు. ముందు కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, తర్వాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, ఆఖరున కుడి నడిమివేలు, ఎడమ నడిమివేలు. మొత్తం ఆరు చోట్ల. ఒకచోట తెలియలేదని రెండోసారి తాకొద్దు, తెలియలేదనే లెక్క వేయండి. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. మీ నాయన విషయంలో ఇది ఎలా వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. కానీ "నాకేం లేదు" అనే మనిషికి తన కాలు సంగతి తనకే తెలిసిరావడానికి దీనికి మించిన దారి నాకు తెలియదు. కళ్ళు తెరిచాక, "ఆరుసార్లు తాకాను నాయనా, నువ్వు రెండే చెప్పావు" అంటే, ఆ తర్వాత మీరు వాదించక్కర్లేదు.

ఆసుపత్రిలో చేసే పరీక్ష కూడా పెద్దదేం కాదు, నొప్పి ఉండదు, పది పదిహేను నిమిషాల పని. డాక్టరు గానీ నర్సు గానీ ముందు రెండు పాదాలనూ, వేళ్ళ సందులనూ, గోళ్ళనూ, మడమలనూ కళ్ళతో చూస్తారు. తర్వాత మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో అరికాల్లో కొన్ని చోట్ల తాకుతారు. 10 గ్రాముల ఒత్తిడి పడగానే వంగేలా ఆ పోగును చేస్తారు. అది వంగినా తాకినట్టు తెలియకపోతే కాలికి రక్షణ ఇచ్చే స్పర్శ పోయిందని అర్థం. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. కొన్ని చోట్ల దీనికి బయోథీసియోమీటర్ అనే మిషన్ ఉంటుంది. అందులో అంకె 25 వోల్టులు దాటినా తెలియకపోతే పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ. తర్వాత పాదం మీద, చీలమండ వెనకాల నాడి కొట్టుకుంటోందా అని వేళ్ళతో చూస్తారు. నాడి సరిగ్గా అందకపోతే రక్తం పారే చప్పుడును పట్టే డాప్లర్ అనే మిషన్‌తో చీలమండ దగ్గర బీపీ, చేతి దగ్గర బీపీ కొలిచి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. 0.9 కంటే తక్కువ వస్తే కాలికి రక్తం సరిగ్గా అందడం లేదని లెక్క. సుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి రక్తనాళాలు గట్టిపడి ఈ అంకె మామూలుగానో, మరీ ఎక్కువగానో కూడా వస్తుంది. అందుకని ఆ కాగితం చూసి మీరే నిర్ణయానికి రాకండి.

టైప్ 2 సుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు బయటపడిన రోజు నుంచే ఏడాదికి ఒకసారి ఈ పరీక్ష జరగాలి, కాళ్ళకు ఏ బాధా లేకపోయినా సరే. మీ నాయన విషయంలో ఏడాది దాకా ఆగకూడదు. స్పర్శ పోయి, పైగా పుండు పడి మానిన కాలిని ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి చూపించుకోవాలి. పన్నెండేళ్ళలో ఆయన కాళ్ళు ఎవరైనా చూశారా అని అడగండి. చూసి ఉండరనే నా అనుమానం. ఓపీలో అంత రద్దీలో సుగర్ ఎంత, బీపీ ఎంత అని చూసి మందులు రాసేసరికే సమయం అయిపోతుంది. అందుకని లోపలికి వెళ్ళి కూర్చోగానే ఆయన చేత చెప్పులు విప్పించండి, కాళ్ళు చాపించండి. "రెండు నెలల కింద ముల్లు దిగినా తెలియలేదు సార్, స్పర్శ పరీక్ష చేయండి" అని మీరే చెప్పండి. ఆ మాట విన్న డాక్టరెవరూ కాళ్ళు చూడకుండా పంపరు.

ఎక్కడ అంటారా? నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ జనరల్ మెడిసిన్ ఓపీ ఉంటుంది, అవసరమైతే సర్జన్లూ ఉంటారు. మీ దగ్గరికి తెచ్చుకుంటే కావలి ఏరియా ఆసుపత్రిలో మొదలుపెట్టొచ్చు. ఒంగోలు వైపు వాళ్ళకు రిమ్స్ ఉంది. ప్రైవేటులో చూపించేట్టయితే ముందే ఫోన్ చేసి, మోనోఫిలమెంట్ పరీక్ష, డాప్లర్ ఉన్నాయా అని అడిగి వెళ్ళండి. అన్ని సుగర్ క్లినిక్‌లలోనూ ఉండవు. వెళ్ళేటప్పుడు పాత మందుల చీటీలు, సుగర్ రిపోర్టులు, ఆయన రోజూ వేసుకునే చెప్పులు పట్టుకెళ్ళండి. చెప్పు లోపల ఎక్కడ అరిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. ముల్లు విరిగి ఉందన్నారు కాబట్టి ఇంకో విషయం కూడా డాక్టరుతో చెప్పండి. చెక్క, ముల్లు లాంటివి ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడవు. ఆ చోట గట్టిగా ఉన్నా, ఉబ్బి ఉన్నా, చెమ్మ ఊరుతున్నా ముక్క లోపల మిగిలిందేమో స్కానింగ్‌లో చూస్తారు.

చెప్పుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్పర్శ లేని కాలు ఎలా పాడవుతుందో లోకానికి తెలిసినదాంట్లో చాలాభాగం మన పక్కనున్న వేలూరులో తేలింది. పెద్ద జబ్బు చేస్తే మనవాళ్ళు రైలెక్కి వెళ్ళే సీఎంసీ ఆసుపత్రికి 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చారు. కుష్టు ఉన్నవాళ్ళ వేళ్ళు జబ్బుతో వాటంతటవే రాలిపోతాయని అప్పట్లో నమ్మకం. ఆయన ఓపిగ్గా గమనిస్తే, నొప్పి తెలియక వాళ్ళు కాల్చుకున్నవీ, కోసుకున్నవీ, గాయం మీదే నడిచి పాడుచేసుకున్నవీ ఆ పుండ్లని తేలింది. ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్ళూ అలాంటి కాళ్ళకు మెత్తటి రబ్బరు అడుగుతో చెప్పులు చేయించారు. తర్వాత అమెరికా వెళ్ళి, సుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళకూ అదే జరుగుతోందని చూపించారు. ఇవాళ మనం ఎంసీఆర్ చెప్పులని అడిగి కొనుక్కునేవి ఆ దారిలో వచ్చినవే. "అవి కుష్టు చెప్పులు" అని కొందరు వేసుకోవడానికి సిగ్గుపడతారు. మీ నాయన కూడా అలా అంటే, ఇప్పుడు మామూలు చెప్పుల్లా కనపడే రకాలు దొరుకుతున్నాయని చెప్పండి.

కొనేటప్పుడు చూడాల్సింది ఇది. వేళ్ళ మధ్యలో దూరే పట్టీ ఉండకూడదు. మడమ వెనక పట్టీ ఉండాలి. స్పర్శ లేని కాలినుంచి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు, ఒట్టి కాలితో చాలా దూరం నడిచేస్తాడు. పైన అతుక్కునే పట్టీలుంటే పాదం వాచినప్పుడు వదులు చేసుకోవచ్చు. లోపలి మెత్త వేలితో నొక్కితే దిగాలి, బయటి అడుగు మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే చిల్లముల్లు మళ్ళీ దిగుతుంది. అడుగులో మేకులు కొట్టినవి వద్దు, చెప్పులు బాగుచేయించినప్పుడు కూడా మేకులు వేయనివ్వకండి. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కొత్తవి మొదట్లో రోజుకు గంటా రెండు గంటలు వేసుకుని, విప్పాక ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడాలి. ఇంట్లో తిరగడానికి ఇంకో జత పెట్టండి. ఇంట్లో చెప్పులేంటని పెద్దవాళ్ళు ఒప్పుకోరని నాకు తెలుసు. పూజగదిలో విప్పి, మిగతా ఇంట్లో వేసుకోమనండి. గచ్చు మీద పడిన గుండుసూది, గాజుపెంకు ఆయన కాలికి తెలియవు.

ఆయన పని రొయ్యల గుంటల దగ్గర కాబట్టి అక్కడి ప్రమాదం వేరుగా చెప్పాలి. రాత్రిపూట రొయ్య మేత తింటోందో లేదో తెలిపే చెక్ ట్రేలు చూడడానికి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయేమోనని చూడడానికి గట్ల మీద తిరుగుతుంటాడు. గట్ల పక్కన చిల్లకంప, గట్టు మీద గుల్లలు, నీళ్ళలో దిగితే రొయ్య తలముల్లు. ఉప్పునీళ్ళలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. చిన్న గీత ఉన్నా దాంట్లోంచి లోపలికి వెళ్తుంది. సుగర్ ఉన్నవాళ్ళకూ, మద్యం వల్లనో ఇంకోదానివల్లనో లివర్ దెబ్బతిన్నవాళ్ళకూ ఇది చాలా తొందరగా ముదురుతుంది. ఒక్క రోజులోనే కాలు ఎర్రగా వాచి, నీలం రంగు బొబ్బలు లేచి ప్రాణం మీదికి వస్తుంది. కాలికి ఏ చిన్న గాయం ఉన్నా ఆ నీళ్ళలో దిగకూడదు. గాయం లేనప్పుడు కూడా మోకాలి దాకా గమ్ బూట్లు, లోపల నూలు సాక్సులు వేసుకునే దిగాలి. బూటు తొడిగే ముందు ప్రతిసారీ బోర్లించి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడమాలి. చిన్న రాయి ఉన్నా రోజంతా దాని మీదే నడుస్తాడు. బయటికి వచ్చాక బూట్లు విప్పేసి కాళ్ళు ఆరనివ్వాలి. నాననిస్తే వేళ్ళ సందులు తెల్లగా ఒరిసి, అక్కడినుంచే ఇన్‌ఫెక్షన్ మొదలవుతుంది. గుంటలోకి దిగే పని పిల్లలకో, పనివాళ్ళకో అప్పజెప్పి ఆయన గట్టు మీద నుంచి చూసుకోగలిగితే ఇంకా మంచిది.

రోజూ చేయాల్సింది తక్కువే, కానీ మానకూడదు. రాత్రి పడుకోబోయే ముందు మంచి వెలుతుర్లో అమ్మ ఆయన రెండు అరికాళ్ళూ, వేళ్ళ సందులూ చూడాలి. మీరు కావలిలో ఉంటారు కాబట్టి, అరికాళ్ళ ఫొటో తీసి వాట్సాప్‌లో మీకు పంపమనండి. నిన్నటి ఫొటోకూ ఇవాళ్టి ఫొటోకూ తేడా ఉంటే మీకు వెంటనే తెలుస్తుంది. చేతి వెనక భాగంతో రెండు పాదాలూ తాకి, ఒకటి వేడిగా ఉందేమో చూడాలి. పుండు లేకుండానే ఒక పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే లోపల ఎముకలు విరుగుతున్నాయేమోనని అనుమానించాలి. దీన్ని షార్కో పాదం అంటారు. దీనికీ పెద్దగా నొప్పి ఉండదు. బెణికిందనుకుని తైలం రాసి నడిపిస్తే పాదం ఆకారమే మారిపోతుంది. ఆ కాలు కింద పెట్టనివ్వకుండా అదే రోజు తీసుకెళ్ళాలి. కాళ్ళు కడిగే నీళ్ళు ముందు అమ్మ మోచేత్తో చూడాలి. మెత్తటి గుడ్డతో వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. మడమలకు, అరికాళ్ళకు కొబ్బరినూనె రాయొచ్చు, సందుల్లో మాత్రం వద్దు. గోళ్ళు తిన్నగా కత్తిరించాలి, మూలలు లోపలికి తవ్వకూడదు. ఆనెకాయలను బ్లేడుతో కోయడం, మందుల షాపులో దొరికే ఆనెకాయ ప్లాస్టర్లు వేయడం అసలొద్దు. ఆ ప్లాస్టర్లలో ఉండే ఆసిడ్ చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

మళ్ళీ గాయం కనపడితే శుభ్రమైన నీళ్ళతో కడిగి, పొడి గాజుగుడ్డ వదులుగా కట్టి, ఆ కాలి మీద బరువు వేయకుండా మరుసటి రోజుకల్లా డాక్టరుకు చూపించండి. పసుపు, కాఫీపొడి, సున్నం, కిరసనాయిలు ఏవీ పెట్టొద్దు. గాయం రంగు మారిందో లేదో కూడా వాటివల్ల తెలియకుండా పోతుంది. ఎర్రదనం పాకుతున్నా, చీము గానీ చెడు వాసన గానీ వస్తున్నా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి సుగర్ పెరిగిపోయినా మరుసటి రోజు దాకా కూడా ఆగకూడదు, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మీ ఊరి ఆర్ఎంపీ వేళకు అందుబాటులో ఉండి ముల్లు తీశాడు, కాదనను. కానీ సుగర్ ఉన్న మనిషి పాదానికి ఇంజెక్షన్, పౌడర్ వైద్యం చాలదు. అలాంటి పుండు మానాలంటే ముందు దాని మీద బరువు పడకుండా చేయాలి, చచ్చిన చర్మాన్ని డాక్టరు తీసేయాలి, రక్తం అందుతోందో లేదో చూడాలి. ఈ మూడూ లేకుండా యాంటీబయాటిక్‌లు మార్చుకుంటూ పోతే నెలలు గడిచిపోతాయి. మూడు నెలల సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఇప్పుడు చేయించండి. ఆయన వయసువాళ్ళలో చాలామందికి దాన్ని 7 దగ్గర ఉంచాలని చూస్తాం.

ఇక కొండ. నా మాట గట్టిగానే చెప్తున్నాను, ఒట్టి కాళ్ళతో అలిపిరి మెట్లు ఆయన ఎక్కకూడదు. 3,550 మెట్లు. మెట్టు మెట్టుకూ ఒంటి బరువంతా వేళ్ళ మొదళ్ళ మీదే పడుతుంది. పుండు మానిన చోట చర్మం ఇంకా పలచగా ఉంటుంది, దారిలో చిట్లినా ఆయనకు తెలియదు. ఎండ పడే చోట బండలు కాలిపోతుంటాయి. మామూలు మనిషి గబగబా అడుగులేసి నీడలోకి పోతాడు, ఆయన నిదానంగా నడుస్తాడు. సుగర్ ఉన్నవాళ్ళు అలా గుడిబండల మీద అరికాళ్ళు కాల్చుకుని రావడం మన ఎండాకాలంలో మామూలే. పెంచలకోనలో అయినా, జొన్నవాడలో అయినా ప్రమాదం ఇదే. 60 దాటినవాళ్ళు, సుగర్, బీపీ లాంటి జబ్బులున్నవాళ్ళు నడకదారిన రావడం మంచిది కాదని టీటీడీయే చెప్తోంది. ఈ మాట ఆయనకు చెప్పండి, నా మాటకంటే దానికి ఎక్కువ విలువిస్తాడు. మొక్కును మానుకోమని నేను అనడం లేదు. బస్సులో వెళ్ళి తలనీలాలిచ్చి రావచ్చు. ఆయన పేరున మీరో, మీ తమ్ముళ్ళో నడవొచ్చు. మాడవీధుల్లో, క్యూలో చెప్పులు ఉండవు కాబట్టి మందపాటి నూలు సాక్సులు, అవి కూడా తెల్లవి వేసుకోమనండి, రక్తం కారితే మరక కనపడుతుంది. తెల్లవారుజామునో, పొద్దు వాలాకో దర్శనం పడేలా చూసుకుని, బయటికి రాగానే ఒకచోట కూర్చోబెట్టి అరికాళ్ళు చూడండి. అది కూడా డాక్టరు కాలు చూసి సరేనన్న తర్వాతే.

చివరికి మీరు. అవునమ్మా, చేయించుకోవాలి. తండ్రికి సుగర్ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ, పైగా 30 దాటిన ప్రతి ఒక్కరికీ సుగర్, బీపీ చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే. మీ ఏఎన్ఎమ్మో, ఆశా వర్కరో డబ్బులేమీ తీసుకోకుండా చేయిస్తారు. పరగడుపున సుగర్ 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 మధ్య ఉంటే సుగర్ రాబోతోందని జాగ్రత్త పడాలి, 126 గానీ ఆపైన గానీ వస్తే ఇంకోసారి చేసి ఖాయం చేసుకోవాలి. మీ కాన్పుల్లో ఎప్పుడైనా సుగర్ వచ్చిందా? వచ్చి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, అలాంటివాళ్ళకు తర్వాత సుగర్ వచ్చే ప్రమాదం ఇంకా ఎక్కువ. నాయన్ను నెల్లూరు తీసుకెళ్ళే రోజున మీరూ ఏమీ తినకుండా బయల్దేరండి, ఇద్దరి రక్తం ఒకేచోట ఇచ్చేయొచ్చు. ఆయన మాత్రం పరగడుపున సుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వేసుకోకూడదు. టిఫిన్ డబ్బా వెంట పెట్టుకెళ్ళి, రక్తం ఇచ్చాక మందు వేసి తినిపించండి.